చుక్క ఎగిరింది.. సొమ్మూ ఎగిరింది!

2023 డిసెంబరు 26 నుంచి బైకుల పెండింగు చలాన్లకు తెలంగాణ సర్కారు 80 శాతం రాయితీ ఇచ్చింది. వెనకాలే దొంగలూ దుకాణం తెరిచారు.

వాళ్ల నకిలీ చలానా సైటు పేరు అచ్చం పోలీసోళ్లదే. నడుమ ఒక చుక్క లేదు, చివర్లో ‘జీఓవీ’ లేదు. అంతే తేడా!

మిర్యాలగూడ మిల్లు సేటు వడ్లగింజ కొరికి తేమెంతో చెప్పేస్తాడు. ఫోన్లో చుక్క మాత్రం పంటికి తగలదు.

సూర్యాపేట-కోదాడ హైవే మీద హెల్మెట్ లేని తలకాయను కెమెరా ఇట్టే పట్టేస్తుంది. నంబర్ ప్లేటు మార్చుకు తిరిగే సైటు దానికి ఆనదు, పాపం.

అందులో కట్టిన డబ్బులూ పాయె, చలానా అట్లనే ఉండె. సేటు లబోదిబోమంటూ సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టాడనుకోండి, అదీ బండి మీదనే..

సెల్‌ఫోన్ డ్రైవింగు. ఇంకో చలానా!