వాన పడితే వాయిదా

హైదరాబాద్ శ్రీనగర్ కాలనీలో సభ పెట్టడం తేలిక, కుర్రకారును రప్పించడం కష్టం. వాళ్లకు ఆదివారం పన్నెండింటికి గానీ తెల్లారదు. అయినా మే నెలలో ఓ ఆదివారం పదకొండింటికే ఒక అద్దె హాలు సగానికి పైగా నిండింది. టిఫిన్ ఉందని వాట్సాప్‌లో తిరిగిన కబురు కొంత తోడ్పడి ఉండొచ్చు. చర్చకు పెట్టిన విషయాలు మూడు: వాతావరణ మార్పు, స్టార్టప్‌లు, చదువు. మూడింటికీ కలిపి ఇచ్చిన సమయం రెండు గంటలు.

మొదట జ్యోతి ప్రజ్వలన. ఏసీ గాలికి ఒత్తి నిలవలేదు. మూడుసార్లు వెలిగించారు, మూడుసార్లూ ఆరింది. వెనక వరసలోంచి ఎవరో "ఏసీ ఓ రెండు నిమిషాలు ఆపండి" అన్నారు. పెళ్లి పందిట్లో అప్పు వసూలుకొచ్చినవాణ్ని చూసినట్టు చూసింది హాలంతా. చివరికి నలుగురు అరచేతులు అడ్డం పెట్టి దీపాన్ని కాపాడారు. బయట నలభై ఒకటి, లోపల పద్దెనిమిది. వాతావరణం మీద ఆ పూట ఏకగ్రీవంగా జరిగిన తీర్మానం అదొక్కటే.

ఇలాంటి చర్చ ఇక్కడ జరగడంలో న్యాయముంది. ఎల్లారెడ్డిగూడ మీదుగా కాస్త నడిస్తే అమీర్‌పేట. అక్కడి మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్ల గోడలు చదివితే చాలు, ఏ చదువుకు గిరాకీ ఉందో తెలుస్తుంది. ఒకప్పుడు సీ ప్లస్‌ప్లస్, మెయిన్‌ఫ్రేమ్స్; ఆ తర్వాత జావా, డాట్‌నెట్, శాప్; ఇప్పుడు డెవాప్స్, డేటా సైన్స్, జెన్ ఏఐ. గోడ ఒక్కటే, పోస్టర్ మీద పోస్టర్. రాతి పొరల్ని చూసి భూమి వయసు చెప్పినట్టు, ఆ గోడను గోకితే మన ఐటీ చరిత్ర పొరలు పొరలుగా రాలుతుంది. నాలుగేళ్ల బీటెక్‌లో రానిది నలభై అయిదు రోజుల్లో వస్తుందన్న నమ్మకం మీద ఆ పేట బతికింది. నమ్మకం పూర్తిగా వమ్ము కాలేదు కూడా. అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లలో ఈ మెట్లెక్కి దిగినవాళ్లు తక్కువేం కాదు. అమీర్‌పేటను వెక్కిరించడం సులువు. నాలుగేళ్లు ఫీజు కట్టించుకుని ఆ నలభై అయిదు రోజుల పాఠం చెప్పలేకపోయిన కాలేజీని మాత్రం ఎవరూ వెక్కిరించరు. దానికి గేటుంటుంది, గేటుకు వాచ్‌మన్ ఉంటాడు.

సభకు తిరిగొద్దాం. మొదట మాట్లాడిన కుర్రాడిది స్టార్టప్. ఎండలు ముదురుతున్నాయి కాబట్టి, బండి పెట్టుకోవడానికి చెట్టునీడ ఎక్కడ ఖాళీగా ఉందో చూపించే యాప్ తయారు చేస్తున్నాడట. చప్పట్లు గట్టిగానే పడ్డాయి. ముందు వరసలో ఒకమ్మాయి అడిగింది: "మరి చెట్లు ఎవరు పెంచుతారన్నా?"

"చెట్లు మన స్కోప్‌లో లేవమ్మా. మేం అగ్రిగేటర్లం."

నిజానికి చెట్లు ఈ నగరంలో ఎవరి స్కోప్‌లోనూ ఎక్కువకాలం నిలవలేదు. 2012 అక్టోబర్‌లో జీవవైవిధ్యం మీద ఐక్యరాజ్యసమితి సదస్సు హైదరాబాద్‌లోనే జరిగింది. ప్రపంచమంతా వచ్చింది, రోడ్లు మెరిశాయి, దాని గుర్తుగా గచ్చిబౌలి దగ్గర ఒక పార్కు వెలిసింది. ఈరోజు ఆటోవాలాను 'బయోడైవర్సిటీ' అని అడిగితే ఫ్లైఓవర్ దగ్గర దింపుతాడు. జీవవైవిధ్యం అంటే నగరవాసికి ఇప్పుడు ట్రాఫిక్ జామ్ అయ్యే ఒక కూడలి. 2015లో మొదలైన హరితహారంలో కోట్ల మొక్కలు నాటారు. వాటిలో తొందరగా పచ్చబడుతుందని కోనోకార్పస్‌ను రోడ్ల పొడుగునా తెగ నాటారు. పచ్చబడింది కూడా. తర్వాత పుప్పొడితో ఎలర్జీలొస్తాయని, వేళ్లు పైపుల్లోకి దూరతాయని తెలిసి 2022లో ఆ మొక్కనే వద్దన్నారు. ఆ మొక్కను ఎన్నుకున్నవారి స్కోప్‌లో చెట్టు లేదు, పచ్చరంగు ఉంది.

రెండో వక్త చదువు మీద మాట్లాడాడు. పర్యావరణాన్ని సిలబస్‌లో పెట్టాలన్నాడు. హాల్లో ఎవరికీ నవ్వు రాలేదు గానీ రావాల్సింది. ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే పర్యావరణ పాఠం తప్పనిసరి అంది. ఆ హాల్లో కూర్చున్న, ఇంటర్ పాసైన ప్రతి జీవీ ఆ పరీక్ష రాసింది. ఫస్టియర్‌లో ఒకరోజు 'ఎథిక్స్ అండ్ హ్యూమన్ వాల్యూస్', ఇంకోరోజు 'ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేషన్'. పాసైతే చాలు, ఆ మార్కులు దేనికీ కలవవు. కార్పొరేట్ కాలేజీలో చదివినవాళ్లకు ఆ పాఠం ఎవరు చెప్పారో గుర్తులేదు, ఎందుకంటే ఎవరూ చెప్పలేదు. విలువల పరీక్షలో పక్కవాడి పేపర్ చూసి రాసినవాళ్లు చేతులెత్తమంటే ఆ హాల్లో ఎన్ని లేచేవో తెలియదు. పర్యావరణ పరీక్షలో ఏ ప్రశ్న వచ్చిందో చెప్పమంటే మాత్రం ఒక్కటీ లేచేది కాదు.

అయితే ఆ పాఠాన్ని సీరియస్‌గా తీసుకున్న కుర్రాళ్లు లేకపోలేదు. వాళ్లకేమైందో చూడాలి.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో వచ్చింది. ముల్కీ గొడవల్లో తెలంగాణ, ఆంధ్ర రెండు ప్రాంతాల విద్యార్థులూ రోడ్డెక్కాక, కేంద్రం రాసిచ్చిన ఆరు సూత్రాల్లో ఒకదాని ఫలం అది. ఆ ప్రాంగణం పక్కన కంచ గచ్చిబౌలిలో నాలుగొందల ఎకరాలున్నాయి. ఆ భూమి ఎవరిదన్న పేచీ రెండు దశాబ్దాలు కోర్టుల్లో నడిచి, ప్రభుత్వానిదేనని 2024లో తేలింది. చెట్లు ఎవరివో, నెమళ్లు ఎవరివో ఎవరూ తేల్చలేదు. 2025 మార్చి 30, ఉగాది రోజున అక్కడికి జేసీబీలు వచ్చాయి. మామూలుగా ఉగాదికి ప్రభుత్వాఫీసుల్లో ఫ్యాను కూడా తిరగదు. ఆ రోజు యంత్రాలు మాత్రం తిరిగాయి. అడ్డం వెళ్లిన విద్యార్థుల్ని యాభై మందికి పైగా పోలీసులు పట్టుకెళ్లారు. పచ్చడిలో చేదు వాటా వాళ్లకు వచ్చింది.

సోషల్ మీడియాలో తిరిగిన బొమ్మలు ఏఐ చేసినవని ప్రభుత్వం అంది. కొన్ని నిజంగానే ఏఐ బొమ్మలు. చెట్లు మాత్రం అసలువే. దాదాపు వంద ఎకరాలు చదును చేశారని హైకోర్టు రిజిస్ట్రార్ చూసొచ్చి చెప్పాక, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపేసింది. సెలవులు చూసుకుని అంత తొందరేమిటని అడిగింది. అడవిని తిరిగి పెంచకపోతే అధికారులకు అక్కడి చెరువు పక్కనే తాత్కాలిక జైలు కట్టాల్సి వస్తుందని కూడా అంది. విద్యార్థుల మీది కేసులు ఎత్తేయమని ఆ తర్వాత ప్రభుత్వమే చెప్పింది. పర్యావరణ పాఠం చెప్పమన్న కోర్టే, ముప్పైనాలుగేళ్ల తర్వాత, ఆ పాఠం వంటబట్టించుకున్న పిల్లల వెనక నిలబడాల్సొచ్చింది.

ఈ దేశంలో వాతావరణం గురించి మాట్లాడే యువత రెండు రకాలు. ఏసీ హాల్లో మాట్లాడితే శాలువా. చెట్టు కింద మాట్లాడితే వ్యాన్.

శ్రీనగర్ కాలనీ సభలో కంచ గచ్చిబౌలి ఊసు రాలేదు. రాజకీయాలు వద్దని ఆహ్వానంలోనే వేశారు. దాని బదులు 'ఎకోసిస్టమ్' అన్న మాట లెక్కలేనన్నిసార్లు వచ్చింది. ఏ ఒక్కసారీ అందులో కప్ప లేదు, పిట్ట లేదు. ఎకోసిస్టమ్ అంటే ఇన్వెస్టర్లు, మెంటర్లు, ఇంక్యుబేటర్లు. ఆ లెక్కన హైదరాబాద్ మహారణ్యమే. 2015 నవంబర్‌లో రతన్ టాటా చేతుల మీదుగా టీ-హబ్ మొదలైంది, 2022 జూన్‌లో రాయదుర్గంలో దాని కొత్త భవనం వచ్చింది. మధ్యలో 2017 నవంబర్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వచ్చి వెళ్లింది. ఆ సందర్భంగా రెండు నెలలపాటు రోడ్ల మీద భిక్షాటనను నిషేధించి, దొరికినవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణలోని ఆశ్రమాలకు తరలించారు. పెట్టుబడి లేకుండా, ఎవరి కిందా పనిచేయకుండా, ఎండకూ వానకూ వెరవకుండా బతుకుతున్నవాళ్లు స్వయం ఉపాధి సదస్సుకు అడ్డమయ్యారు.

ఒక పెద్దాయన, ఆ కాలనీ వాసే, మైకు అడిగి తీసుకున్నాడు. చింతకింది మల్లేశం పేరు విన్నారా అని అడిగాడు. ఇద్దరు సినిమా చూశామన్నారు.

మల్లేశం ఆలేరు దగ్గర శారాజీపేటవాడు. బడి ఆరో తరగతితో ఆగింది. తల్లి లక్ష్మి ఇంట్లో ఆసు పోసేది. పోచంపల్లి రకం చీర నేయాలంటే ముందు దారాన్ని అర్ధచంద్రాకారంలో దిగ్గొట్టిన మేకుల చుట్టూ తిప్పాలి. చీరకు తొమ్మిది వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరలంటే పద్దెనిమిది వేలు. భుజం పడిపోతుంది. ఆ నొప్పి చూడలేక కొడుకు 1992లో యంత్రం మొదలెట్టాడు. డబ్బుల్లేవు, ఊళ్లో నవ్వారు. పొట్టకూటికి హైదరాబాద్ వచ్చాడు. బాలానగర్‌లో ఏదో పనిమీద ఉండగా అక్కడొక యంత్రం కదలిక చూసి, తనకు అంతుచిక్కని ముడి ఎలా విప్పాలో తెలుసుకున్నాడు. 1999కి లక్ష్మి ఆసు యంత్రం తిరిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఏడేళ్లపాటు ఆయనకు ఇంక్యుబేటర్ బాలానగర్ షెడ్డు, మెంటర్ అమ్మ భుజం.

"సూపర్ అంకుల్" అన్నాడు యాప్ కుర్రాడు. "కానీ అది స్కేలబుల్ కాదు కదా."

పెద్దాయన ఇంకో ఉదాహరణ తీశాడు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఖేతి అనే సంస్థ చిన్న రైతుల కోసం తక్కువ ఖర్చులో గ్రీన్‌హౌస్ చేసింది. ఎకరంలో ఓ మూల నీడ వల కట్టి, ఎండనూ పురుగునూ ఆపి, కాసిని నీళ్లతో కూరగాయలు పండించడం దాని పని. ప్రిన్స్ విలియం పెట్టిన ఎర్త్‌షాట్ బహుమతి దానికి 2022లో వచ్చింది, పది లక్షల పౌండ్లు. వాతావరణ మార్పు, స్టార్టప్, చదువు: ఆ రోజు సభకు పెట్టిన మూడు విషయాలూ ఒక్క వల కింద ఉన్నాయి. హాల్లో ఈసారి నిజమైన ఆసక్తి కనిపించింది. ప్రశ్న కూడా వచ్చింది: "వాళ్ల వాల్యుయేషన్ ఎంత?"

అప్పటికీ పెద్దాయనకు ఉత్సాహం తగ్గలేదు. మీ మీ అపార్ట్‌మెంట్ల పైకప్పులకు తెల్లరంగు వేయించండి, ఇంట్లో వేడి తగ్గుతుంది అన్నాడు. ఇదేం ఆయన సొంత తెలివి కాదు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రకటించింది, అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులకు తెలుపు, అందులో 200 హైదరాబాద్‌లోనే. సున్నం బక్కెట్టూ బ్రష్షూ ఉంటే చాలు, వెంచర్ క్యాపిటల్ అక్కర్లేదు. బహుశా అందుకే ఎవరూ నోట్ చేసుకోలేదు. పైగా అపార్ట్‌మెంట్‌లో పైకప్పు అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు. మెయింటెనెన్స్ మీటింగ్‌లో ఆ మాటెత్తితే, మూడో అంతస్తు వాళ్లు "ఎండ మాకు తగలదు కదా" అంటారు. ఆ ఒక్క వాక్యంలో ప్రపంచ వాతావరణ చర్చలన్నీ ఉన్నాయి. సముద్రం ఒడ్డున ఉన్నవాడిది ఆఖరి అంతస్తు, మిగతావాళ్లంతా మూడో అంతస్తు.

ఆఖర్న ఆయన నాలాల మాటెత్తాడు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్ల వాన పడిందని, 2020 అక్టోబర్‌లో మళ్లీ 19 సెంటీమీటర్లు కొట్టిందని, రెండుసార్లూ హుస్సేన్‌సాగర్ దారిపట్టిన నీళ్లు మధ్యలో ఇళ్లు తగిలి ఆగాయని చెప్పాడు. మైత్రీవనం దగ్గర ఓ మోస్తరు వానకే మోకాళ్ల లోతు నీళ్లెందుకు నిలుస్తాయో ఎవరైనా ప్రాజెక్టుగా చేయొచ్చు కదా అని అడిగాడు. సివిల్ చదివినవాళ్లెవరని చూశాడు. ఒకే ఒక్క చెయ్యి లేచింది. ఆ అబ్బాయి సివిల్ ఇంజినీరే, ఆర్నెల్లుగా అమీర్‌పేటలో పైథాన్ నేర్చుకుంటున్నాడు. అతణ్ని అనడానికి లేదు. రాష్ట్రంలో ఇంజినీరింగ్ సీట్లు సగానికి పైగా కంప్యూటర్ కోర్సులవే. నాలా కట్టేవాడికి వచ్చే జీతం, నాలా గురించి యాప్ చేసేవాడికి వచ్చే జీతం ఆ అబ్బాయికి తెలుసు, వాళ్ల నాన్నకు ఇంకా బాగా తెలుసు.

సమయం అయిపోయిందని యాంకర్ మైకు తీసుకుంది. వక్తలకు శాలువాలు కప్పారు. మే నెలలో శాలువా ఎందుకన్న సందేహం ఎవరికీ రాలేదు, లోపల పద్దెనిమిది కదా. టిఫిన్ తిని మెట్లు దిగినవాళ్లు వడగాలి తగిలి ఒక్కసారి ఆగారు. యాప్ కుర్రాడి బైకు ఎండలోనే ఉంది. సీటు మీద బాటిల్‌లో మిగిలిన నీళ్లు పోసుకుని, చేత్తో తుడిచి, కాసేపు నిలబడి ఎక్కాడు.

తర్వాతి సమావేశం జూలై రెండో ఆదివారం, ఇదే హాల్లో. అంశం: పట్టణ వరదలు, యువత పాత్ర. వాన పడితే వాయిదా.