మీట నొక్కినంతనే

మా సంస్థవారికి ఈ నడుమ స్వయంసేవా వ్యామోహము పట్టుకొన్నది. ఇకమీదట డేటాబేసు కావలసినవాడు ఎవరిని ప్రార్థింప నక్కరలేదట. పోర్టలు తెరచి మీట నొక్కినచో, కాఫీ చల్లారులోగా, సంస్థవారి సొంత క్లౌడులో పోస్ట్‌గ్రెస్సో మైసీక్వెలో వెలయునట. నర్సీపట్నంలో ఇంటి వసారాలో కూర్చుండి హైదరాబాదు కొలువు వెలగబెట్టుచున్న నేను మొదట మురిసిన మాట నిజమే గాని, "ఎంతవరకు వచ్చిందండీ?" అని మేనేజరుగారు పూటకొకమారు అడుగుచుండ ఆ మురిపెము కాస్తయు ఇంకిపోయినది.

ఈ విద్య మావారు కనిపెట్టినది కాదు. అమెజానువారు 2009లోనే ఆర్‌డీఎస్ పేరిట డేటాబేసుల నద్దెకిచ్చిరి. 2011లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, క్లౌడు లక్షణములైదింటిని నిర్వచించుచు, ఇచ్చువాని మొగము చూడకయే పుచ్చుకొనువాడు తనకు కావలసినది తానే పొందుట మొదటి లక్షణమన్నది. మావారు దానిని శిరసావహించి, మీటకు ముందొక దరఖాస్తు చేర్చిరి. ఏ వెర్షను, ఎన్ని కోర్లు, బ్యాకప్పు లెన్నాళ్లు దాచవలెను, ఖర్చు ఏ పద్దున వ్రాయవలెను, అన్నియు నింపి నొక్కితిని. ఆమోదించువారు ముగ్గురు: ఒకరు సెలవులో, ఒకరు మీటింగులో, మూడవవారెవరో పోర్టలునకే తెలియదు. వారు కరుణించిన పిమ్మట డేటాబేసు అవతరించినది గాని, దానిని చేరుటకు కావలసిన 5432 పోర్టు ఫైర్‌వాలులో మూసియున్నది. దానిని తెరచుటకు వేరొక పోర్టలు, వేరొక దరఖాస్తు.

మా ఊరికి రైలున్నట్లే యిదియును. 1890ల నాడు రైలుదారి వేసిన దొరలు సముద్రపు టొడ్డు మైదానమును పట్టుకొని పోయిరే గాని, మన్యపు ముఖద్వారమైన మా ఊరివైపు కన్నెత్తి చూడలేదు. ఆమడల దూరమున నొక స్టేషను నిలిపి, నర్సీపట్నం రోడ్డని పేరు మాత్రము దయచేసిరి. కొత్తల్లుడెవడైన ఆ పేరు నమ్మి, పండుగనాటి వేకువజామున సూటుకేసుతో, స్వీటు పొట్లముతో దిగి, "మామయ్యగారూ, వచ్చేశానండీ, ఏ వీధి?" అని ఫోను చేయును. మామగారు నిట్టూర్చి, "స్టేషనుకు వచ్చావు బాబూ, ఊరికి ఇంకా రాలేదు" అందురు. అత్తగారు ఫోను లాగికొని, "టిఫిను తిన్నావా నాయనా?" అని అడుగుదురు; పెట్టిన గారెలు చల్లారుచుండును; బావమరది మోటారు సైకిలు తాళముకై ఇల్లెల్ల వెదకును. తెలిసినవారు తునిలోనో అనకాపల్లిలోనో దిగి బస్సెక్కుదురు. ఏమి చెప్పుచుంటిని? ఆ, డేటాబేసు.

మునుపు మా డేటాబేసులను కాచుటకొక డీబీఏగా రుండెడివారు. అడిగినదానిని ఆయన ఏనాడును వెంటనే ఇచ్చి యెరుగరు. "కొత్తదెందుకయ్యా? పోయినేడు తీసుకున్నదాన్ని ఏం చేశావు?" అని కసరి, నా క్వెరీని ఆమూలాగ్రము చదివి, "ఇక్కడ ఇండెక్సు లేదు, అది చూసుకో" అని పంపివేసెడివారు. పోర్టలు వెనుక నడచు స్క్రిప్టులన్నియు ఆయన వ్రాసినవే. వ్రాసి ముగించిన పిదప ఆయన పదవి అనవసరమని పైవారు తేల్చిరి. యంత్రము ప్యాచీలు వేయును, బ్యాకప్పులు తీయును, ఒక సర్వరు కూలినచో మరొకదానిని నిలబెట్టును, కాదనను. ఎందుకని మాత్రము అడుగదు. అందుచేత పరీక్షలకని పుట్టించి మరచిన డేటాబేసులు రేయింబవళ్లు డిస్కు మేయుచున్నవి. ఆమోదించువారు పద్దు చూతురు గాని క్వెరీ చూడరు. నా క్వెరీ నేటికిని నెమ్మదిగనే నడచుచున్నది.

మీట నొక్కు విధానముపై త్వరలో శిక్షణ తరగతి యట. చేరగోరువారు పోర్టలులో దరఖాస్తు పెట్టి, ఆమోదము పొందవలెను.