విషాదగ్రస్తులకు వాణిజ్యవిద్య

అమెరికాలో కుంగుబాటు వ్యాధికి మందు సంపాదించుటను గూర్చి మనవారిలో వ్యాపించియున్న అభిప్రాయము మిక్కిలి సరళమైనది: వైద్యుడు చీటీ వ్రాయును, మందుల షాపువాడు సీసా చేతికిచ్చును, రోగి మ్రింగును, క్రమముగా నవ్వును. ఈ వర్ణనము బీమా కలవారి విషయమున కొంతవరకు సత్యమే కావచ్చును గాని, బీమా లేక ఆ దేశమున బ్రతుకుచున్న రెండున్నర కోట్లకు పైబడిన జనుల విషయమున కేవలము పుక్కిటి పురాణము. వారికి వైద్యుడిచ్చునది చికిత్సకు ఆజ్ఞాపత్రము కాదు, వాణిజ్యవిద్యాభ్యాసమునకు ప్రవేశపత్రము. ఆ విద్యలో ఉత్తీర్ణులైనవారికే మాత్ర దొరకును.

ఈ విద్యకు విద్యార్థులను ఎన్నుకొనుటలో అమెరికనులు చూపిన సూక్ష్మబుద్ధిని ప్రశంసింపకుండ ఉండజాలను. కుంగుబాటు ఎట్టి వ్యాధియో దాని పాలబడినవారికిని, వారితో ఒక్క యింట కాపురము చేసినవారికిని తెలియును. తెల్లవారిన పిదప మంచము దిగుటకే మనసు రాక, మ్రోగుచున్న ఫోను నెత్తుటకు చేయి రాక, వచ్చిన ఉత్తరములను విప్పక బల్లపై గుట్టగా పేర్చి, రెండు చొక్కాలలో దేనిని తొడుగుకొనవలయునో నిశ్చయింపలేక మధ్యాహ్నమువరకు కూర్చుండిపోవు మనుష్యుని ఊహింపుడు. ఉత్సాహము, నిర్ణయశక్తి, పట్టుదల, రేపు బాగుండునన్న ఆశ—ఈ నాలుగింటిని ఆ వ్యాధి మొట్టమొదటనే హరించును. మందును తక్కువ ధరకు కొనుటకు కావలసినవియు సరిగా ఈ నాలుగే. కాలు విరిగినవానితో, కొండ యెక్కి రమ్ము, శిఖరముపై నీకు కట్టు కట్టెదము అని చెప్పినట్లున్నదని ఎవరైన ఆక్షేపింపవచ్చును. కాని అట్లు ఆక్షేపించువారికి అర్థశాస్త్రము తెలియదు.

మొదటి పాఠము ధర యనునది వస్తువు యొక్క గుణము కాదనునది. మన యింట ఒక మాత్రల పట్టీని వెనుకకు త్రిప్పిచూచినచో గరిష్ఠ చిల్లర ధర అచ్చొత్తబడియుండును. అది ఎక్కువయో తక్కువయో యనుట ఒక మాట, కనబడుట మరియొక మాట. అమెరికాలో అట్టి ముద్ర ఉండదు. కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రికవారు 2018లో ప్రకటించిన పరిశీలనలో, కుంగుబాటుకు వాడు డులాక్సెటిన్‌తో గూడ ఐదు సామాన్యమైన జనరిక్ మందులకు ఒక నెల సరఫరాను రొక్కమునకు కొనగోరి ధరలడుగగా, ఒకచోట ఐదింటికి కలిపి 66 డాలర్లనియు, మరియొకచోట 928 డాలర్లనియు ప్రత్యుత్తరములు వచ్చినవి. మందు అదియే, మోతాదు అదియే, దేశమదియే. ఈ పదునాలుగు రెట్ల వ్యత్యాసమున ఇమిడియున్నది కేవలము ప్రశ్నించు ఓపిక. ఫోనెత్తుటకు చేయి రానివాడు 928 చెల్లించును. ఊరిలోని షాపులన్నిటికి ఫోను చేసి, ప్రతివాని వద్దను అరగంట వాద్యసంగీతము విని, ధరలు పట్టిక వేయగలవాడు 66 చెల్లించును. అనగా అంతగా జబ్బు చేయనివానికి మందు చౌక.

రెండవ పాఠము చరిత్రకు సంబంధించినది. ఎలై లిల్లీ కంపెనీవారి కుంగుబాటు మందైన ప్రోజాక్, అనగా ఫ్లూఆక్సెటిన్, 1987 డిసెంబరులో అచ్చటి ప్రభుత్వపు అనుమతి పొంది, అటుపై పదునాలుగేండ్లు పేటెంటు నీడలో సుఖముగా వర్ధిల్లినది. పేటెంటు 2003 డిసెంబరువరకు నిలుచునని కంపెనీవారు లెక్క వేసికొనియుండగా, 2000 ఆగస్టులో అప్పీలు న్యాయస్థానమువారు దాని కాలమును తగ్గించుచు తీర్పు చెప్పిరి. అటువంటి ఆపద దాపురించినపుడు వర్తకునిలోని కవి మేల్కొనును. అదే ఫ్లూఆక్సెటిన్‌ను గులాబి, ఊదా వర్ణముల గొట్టపు మాత్రలలో నింపి, శారాఫెమ్ అను కోమలమైన పేరు పెట్టి, స్త్రీలకు నెలసరికి ముందు కలుగు మనోవైకల్యమునకు ప్రత్యేకౌషధముగా 2000లోనే విడుదల చేసిరి; మరుసటి సంవత్సరము వారమునకొకసారి వేసికొనదగిన 90 మిల్లీగ్రాముల గొట్టమును సృష్టించిరి. రంగు మారినచో రోగము మారునని ఆయుర్వేదమున ఎవరును చెప్పలేదు. మనవారు వెనుకబడుటకు ఇదియు ఒక కారణము కావచ్చును.

ఈ కవిత్వములో ఇతరులును వెనుదీయలేదు. సిటాలోప్రామ్ అను మందులో దర్పణమున ప్రతిబింబమువలె పరస్పరము పోలిన రెండు అణురూపములు కలవు. వానిలో పనిచేయునది ప్రధానముగా ఒక్కటే. సిటాలోప్రామ్ పేటెంటు ముగియుటకు ముందే ఆ ఒక్కదానిని వేరుచేసి ఎసిటాలోప్రామ్ అను పేర 2002లో సరికొత్తగా విక్రయింప మొదలిడిరి. వెన్లాఫాక్సిన్ విషయము ఇంతకంటె రమ్యము. దానిని మ్రింగినవాని కాలేయము దానిని డెస్వెన్లాఫాక్సిన్‌గా మార్చుకొనును. అనాదిగా ప్రతిఫలాపేక్ష లేక కాలేయము చేయుచున్న ఈ పనిని కర్మాగారమున చేయించి, 2008లో క్రొత్త పేటెంటుతో, క్రొత్త ధరతో విపణికి తెచ్చిరి. కాలేయమునకు వేతనము లేదని ఇంతకాలము ఎవరికిని స్ఫురింపకపోవుట ఆశ్చర్యము. బీమా లేని రోగి ఇచ్చట గ్రహింపవలసినది ఒక్కటే: క్రొత్తదాని పేరు చీటీలో కనబడినపుడు, పాతది సరిపోదా యని వైద్యుని నోరు తెరచి అడుగవలయును. నోరు తెరచుట ఆ రోగికి ఎంత సులభమో మనకు తెలిసినదే.

ఈ కథలో మన వంతు లేదనుకొనరాదు. గుంటూరు ప్రాంతపు తాడేపల్లిలో పసుపు పండించు రైతు కుమారుడైన అంజిరెడ్డిగారు హైదరాబాదులో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ, 2001 ఆగస్టులో 40 మిల్లీగ్రాముల ఫ్లూఆక్సెటిన్ గొట్టములను అమెరికాలో నూటయెనుబది దినములు ఇతర జనరిక్ కంపెనీల పోటీ లేకుండ అమ్ముకొను హక్కును సంపాదించినది. అట్టి హక్కు పొందిన భారతీయ సంస్థలలో అదియే ప్రథమము. ఆనాటినుండి ఆ మహాదేశపు విషాదమును తీర్చు బాధ్యతలో కొంత భాగము మన దక్కను పీఠభూమికి సంక్రమించినది. హైదరాబాదు పరిసరములలోని కర్మాగారములనుండి ఈ జాతి మాత్రలు ఓడలెక్కి సముద్రములు దాటి, అచ్చటి సీసాలలో ప్రవేశించి, పదిమంది మధ్యవర్తుల చేతులు మారి, తాము ఎంత విలువైనవో తమకే తెలియని స్థితికి చేరుకొనుచున్నవి.

ఆ మధ్యవర్తులను గూర్చి రెండు మాటలు చెప్పవలయును. బీమా కంపెనీకిని మందుల షాపునకును నడుమ ధరలు నిర్ణయించు దళారీ సంస్థలు కొన్ని కలవు. బీమా కలవాడు తన వాటాగా చెల్లించు సొమ్ముకంటె, బీమా లేనివానివలె రొక్కమిచ్చి కొన్నచో మందు చౌకగా లభించు సందర్భములు తరచుగా ఏర్పడుచుండగా, ఆ రహస్యమును తమంత తాముగా గిరాకీకి చెప్పరాదని షాపువాండ్ర నోరు కట్టుచు ఒడంబడికలు వ్రాయించుకొనెడివారు. 2018 అక్టోబరులో అమెరికను శాసనసభ రెండు చట్టములు చేసి ఆ కట్టు విప్పినది. తన యెదుట నిలిచిన రోగితో నిజము చెప్పుటకు షాపువానికి శాసనసభ అనుమతి కావలసివచ్చిన నాగరికత ఎంత ఉన్నతమైనదో చదువరులే ఊహించుకొందురు గాక. అయినను చట్టము చెప్పవచ్చునన్నదే గాని చెప్పవలయుననలేదు. కావున అడుగుట రోగి వంతు.

ఇక తగ్గింపు కార్డులు. బీమా లేనివాడు ఫోనులో ఒక కూపను సంపాదించి చూపినచో, షాపువాడు చెప్పిన ధర అతని కన్నులయెదుటనే సగమునకో, అంతకు దిగువకో జారిపోవును. ఈ ఉపకారము నిష్కామకర్మ కాదు. ప్రతి కొనుగోలుపై కార్డు కంపెనీకి కొంత ముట్టును. గుడ్‌ఆర్‌ఎక్స్ అను ప్రసిద్ధ సంస్థ తన వాడుకరుల ఆరోగ్యసమాచారమును ఫేస్‌బుక్, గూగుల్ వంటి ప్రకటనల కంపెనీలకు అందజేసినదన్న అభియోగముపై 2023లో పదిహేను లక్షల డాలర్ల జరిమానా చెల్లించుటకు అంగీకరించినది. ఇందులో దోషమేమున్నదో నాకు బోధపడుట లేదు. తన దుఃఖమును చెప్పుకొనుటకు ఒక్క మనిషియు లేడని విలపించువాని దుఃఖము ఇన్ని కంపెనీలకు తెలియుట ఓదార్పు కాదా?

తక్కిన మెలకువలు గృహిణుల సంతచాతుర్యమువంటివి. ఫ్లూఆక్సెటిన్‌లో గొట్టము చౌక, బిళ్ల ప్రియము. రెండును ఒకే పని చేయును. సెర్ట్రలిన్ నూరు మిల్లీగ్రాముల బిళ్లకును ఏబది మిల్లీగ్రాముల బిళ్లకును ధరలో భేదము స్వల్పము గనుక, వైద్యుని అనుమతితో పెద్దదానిని నడిమి గీటు వెంబడి విరిచి రెండు దినములకు వాడుకొనవచ్చును. కాని నెమ్మదిగా కరగునట్లు చేసిన మాత్రలను విరిచినచో ఔషధమంతయు ఒక్కసారిగా దిగును, కనుక ఆ సాహసము కూడదు. నెలకు బదులు మూడు నెలలకు వ్రాయించుకొనుట లాభము. వాల్‌మార్ట్‌వారు 2006లో ఫ్లారిడాలోని టాంపాలో ఆరంభించిన నాలుగు డాలర్ల పట్టికలో ఈ జాతి పాతమందులును చోటు చేసికొన్నవి. కాస్ట్‌కోలో బియ్యము కొనుటకు సభ్యత్వము కావలయును గాని మందు కొనుటకు అక్కరలేదు. ఈ సంగతి ద్వారముకడ నిలిచినవానితో చెప్పి లోనికి పోవలయును. మార్క్ క్యూబన్ అను ధనికుడు 2022 జనవరిలో తెరచిన అంగడిలో కొన్న ధరపై నూటికి పదిహేను మాత్రమే వేసికొని, షాపు కూలియు తపాలా ఖర్చును విడిగా చెప్పి అమ్ముదురు. లాభమెంతో బాహాటముగా చెప్పుట అచ్చట విప్లవముగా పరిగణింపబడినది. రాబడిని బట్టి రుసుము పుచ్చుకొను సమాజ ఆరోగ్యకేంద్రములును ఊరూర గలవు. నిజమునకు ఈ జాబితాలో మనిషిని మనిషిగా చూచునవి అవియే కాబోలు, అందుచేతనే వాని ప్రకటన ఎచ్చటను కనబడదు.

మన పిల్లల సంగతి వేరుగా చెప్పవలసియున్నది. డల్లాసులోనో, న్యూజెర్సీలోనో హెచ్-1బి వీసా మీద ఉద్యోగము చేయుచున్న మన కుర్రవానిని కంపెనీవారు ఒక ఉదయమున పదినిమిషముల వీడియో సమావేశములో సాగనంపుదురు. సాధారణముగా వాని బీమాయు ఆ నెలతోనే సరి. దేశమున నిలుచుటకు గడువు అరువది దినములు. కోబ్రా అను చట్టము క్రింద పాత బీమాను నిలుపుకొనవచ్చును గాని, ఇంతకాలము కంపెనీ చెల్లించిన భాగమును తన భాగమును కలిపి, పైన నూటికి రెండు వంతున నిర్వహణవ్యయము చేర్చి, తానే చెల్లించుకొనవలయును. జీతము నిలిచిన మాసముననే ఈ సౌకర్యము ప్రాప్తించుట విశేషము. అప్పుడు ఇంటినుండి వచ్చు బంధువుల పెట్టెలో, గోంగూర పచ్చడికిని సున్నుండలకును నడుమ, కూకట్‌పల్లిలో కొన్న ఎసిటాలోప్రామ్ పట్టీలు సముద్రము దాటును. ఒకే పట్టణపు పొలిమేరలలో తయారైన రెండు మాత్రలలో, ఓడలో వచ్చినది ఔషధము, పెట్టెలో వచ్చినది కస్టమ్స్‌వారి సందేహము. కుర్రవాడు మాత్రము అమ్మకు ఆ పట్టీలు గదిలోని స్నేహితునికని చెప్పియుండును.

ఈ పాఠశాలలో ఉత్తీర్ణులు కాలేక, తమకు తోచిన పొదుపును అవలంబించువారు కలరు: దినము విడిచి దినము వేసికొనువారు, జీతము వచ్చువరకు మానివేయువారు. పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటివానిని హఠాత్తుగా మానినచో తల తిరుగుట, వాంతులు, నిద్ర చెడుట, తలలో విద్యుత్తు తగిలినట్లు జల్లుమనుట సంభవించును; వదలిన విషాదము తిరిగివచ్చుట సరేసరి. అందుచేత నేను ఇచ్చట హాస్యమాడుట లేదు. డబ్బు చాలనినాడు ఆ మాటనే వైద్యునితో చెప్పుట మేలు; ఆయన మందు మార్చును, లేదా మెల్లగా తగ్గించును.

ఇప్పుడు నా సొంత ప్రతిపాదన. కుంగుబాటును కొలుచుటకు అచ్చటి వైద్యులు తొమ్మిది ప్రశ్నల పత్రమొకటి వాడుదురు. దానిని విద్వాంసులు సిద్ధపరచుటకు ధనసహాయము చేసినవారు ఫైజర్ కంపెనీవారు. సెర్ట్రలిన్‌ను మొదట అమ్మినవారును వారే యగుట యాదృచ్ఛికము. ఒక్కొక్క ప్రశ్నకు సున్న మొదలు మూడువరకు మార్కులు, మొత్తము 27. మార్కులు పెరిగినకొలది వ్యాధి తీవ్రము. వార్తాపత్రికపై మనస్సు నిలుచుట లేదా యని కూడ అందొక ప్రశ్న కలదు. ఈ వ్యాసమును ఇంతవరకు చదివినవారికి ఆ భయము లేదు. ఈ పత్రమునకు పదవ ప్రశ్నను చేర్పవలయునని నా విన్నపము: గత రెండు వారములలో ఎన్ని షాపుల ధరలు విచారించితిరి, ఎన్ని కూపనులు సాధించితిరి? సాధించిన ప్రతి కూపనుకు మూడేసి మార్కులు తగ్గింపవలయును. తొమ్మిది కూపనులు సంపాదించినవాని లెక్క ఎంత తీవ్రముగా ప్రారంభమైనను సున్నకు దిగును; అట్టివాడు ఆరోగ్యవంతుడు గనుక అతనికి మందే అక్కరలేదు, పొదుపు నూటికి నూరు పాళ్లు. ఒక్క షాపునకైనను ఫోను చేయజాలనివాడు తన 27 మార్కులను యథాతథముగా నిలుపుకొని, నిస్సంశయముగా మందు కావలసినవాడని నిరూపించుకొనును. అతనిని పూర్తి ధర చెల్లించువారి వరుసలో నిలుపవచ్చును.