దిగిన మర్నాడే మైకు

మా రోజుల్లో కొత్తగా వచ్చిన మిషనరీకి మొదటి వారాల్లో ప్రసంగం అప్పగించేవాళ్లు కాదు, భాష నేర్పే మునిషీని అప్పగించేవాళ్లు. ఇప్పుడు విమానం దిగిన మర్నాడే చేతికి మైకు ఇస్తున్నారు. వచ్చినాయనకు మన ఊరి పేరు ఇంకా నోరు తిరగదు, ఆయన ఫొటో మాత్రం అప్పటికే నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ మీద ఉంటుంది. పక్కన తర్జుమా చేసే కుర్రాడు, ముందు వీడియో తీసే ఇంకో కుర్రాడు. పది రోజులు తిరక్కుండానే తిరుగు ప్రయాణం. దీన్ని సేవ అంటుంటే నాకు కడుపు మండుతుంది.

మాది గుంటూరు జిల్లా. మా నాన్నగారు మిషన్ బడిలో తెలుగు పండితులు. మిషన్ కాంపౌండులోకి కొత్తవాళ్లు ఎవరొచ్చినా తెలుగు చెప్పే పని ఆయనదే. 1950ల్లో అమెరికా నుంచి ఒక మిస్సమ్మగారు వచ్చారు. నర్సు చదువు చదివినావిడ. నెల పైచిలుకు ఓడలో, ఆ పైన రైల్లో ప్రయాణం చేసి వచ్చిన మనిషిని రెండు రోజులు పడుకోనిచ్చి, మూడో రోజు పొద్దున ఏడింటికల్లా బంగళా వరండాలో నాన్నగారి ఎదురుగా కూర్చోబెట్టారు. బల్ల మీద ఆర్డెన్ దొర వ్యాకరణం ఉండేది. బందరులో పనిచేసిన మిషనరీ 1873లో రాసిన పుస్తకం అది, ఎనభై ఏళ్ల తర్వాత కూడా కొత్తవాళ్లకు అదే ఆధారం. పక్కన బ్రౌన్ నిఘంటువు. ఆవిడ ముందు చిన్న చేతి అద్దం.

ఆ అద్దం నాలుక చూసుకోవడానికి. 'కల, కళ' అని నాన్నగారు అనేవారు. 'కల, కల' అని ఆవిడ అనేది. నాన్నగారు నోరు తెరిచి నాలుక కొస అంగిట్లో ఎక్కడ తగలాలో చూపించేవారు. ఆవిడ అద్దంలోకి చూసుకుంటూ మళ్లీ అనేది. కాలు, కాళ్లు. వేలు, వేళ్లు. గంటలకు గంటలు ఇదే. చెమట కారి నోటు పుస్తకం మీద పడితే సిరా అలుక్కుపోయేది, అద్దుకుని మళ్లీ రాసేది. సాయంత్రం సంత. ఇంగ్లీషు ఎత్తకూడదు, పొద్దున నేర్చుకున్న మాటలతోనే బేరం ఆడాలి, అది నాన్నగారి కట్టడి. బుట్ట పట్టుకుని వెనక నడిచేవాణ్ని నేను. వంకాయలమ్మే ముసలమ్మ అర్థం కాక ఒకటికి మూడుసార్లు చెప్పించుకునేది, చుట్టూ ఆడవాళ్లు పకపకా నవ్వేవాళ్లు. మిస్సమ్మగారు మొహం ఎర్రబడ్డా అక్కణ్నుంచి కదిలేది కాదు. వంకాయలు కొనే కదిలేది.

ఆదివారం గుడిలో ఆవిడకు కుర్చీ వేస్తే వద్దని, ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చునేది. పాస్టరయ్యగారి ప్రసంగం గంట. అందులో ఆవిడకు తెలిసిన మాటలు పట్టుమని పది ఉండేవేమో. వినపడ్డ వాటిని వినపడ్డట్టు రాసుకుని, సోమవారం నాన్నగారి ముందు పెట్టేది. మొదటి ఏడు ఒక పరీక్ష, రెండో ఏడు ఇంకో పరీక్ష. అవి నెగ్గేదాకా చాలా మిషన్లలో పూర్తి బాధ్యత ఇచ్చేవాళ్లు కాదు. నర్సు కదా, వెంటనే వార్డులోకి పంపొచ్చుగా అని ఎవరైనా అడిగితే, రోగి 'నొప్పి ఇక్కడ' అంటే తెలియాలిగా అని నాన్నగారి జవాబు.

అమెరికాకి ఉత్తరం వెళ్లి జవాబు రావాలంటే వారాలు పట్టేది. ఆ ఒంటరితనమే ఆవిణ్ని మా వంటింటి దాకా తీసుకొచ్చింది. మా అమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు. పీట వేసేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చింతపండు గింజలు తీస్తూ మాట్లాడుకునేవాళ్లు. పురుళ్ల గురించీ, పిల్లల దగ్గుల గురించీ, అత్తల గురించీ ఆడవాళ్లు మాట్లాడే తెలుగు ఆవిడకు అబ్బింది అక్కడే, నాన్నగారి దగ్గర కాదు. ఇప్పుడొచ్చేవాళ్లు రాత్రి కాగానే హోటలు గదిలో ఫోను తెరిచి ఇంటివాళ్లతో వీడియోలో మాట్లాడుకుంటారు. వాళ్లకు పక్కింటి పీటతో పనేముంది? మనిషి ఇక్కడున్నా మనసు దిగలేదు.

అంతకు ముందు తరాల సంగతి చెబితే నేటివాళ్లు నమ్మరు. మిషనరీ ఫాదర్ హయ్యర్ 1841లో బోస్టన్‌లో ఓడెక్కితే గుంటూరు చేరింది 1842 జూలై 31న. అప్పటికి సూయజ్ కాలువ లేదు, అది 1869లో గాని తెరుచుకోలేదు. యాభైకి దగ్గరపడ్డ వయసులో ఆయన తెలుగు అక్షరాలకు కూర్చున్నాడు. 1805లో విశాఖపట్నంలో దిగిన క్రాన్, డెగ్రాంజెస్ అనే మిషనరీలిద్దరూ ఆనందరాయర్ అనే మన మనిషిని పక్కన పెట్టుకుని తెలుగు నేర్చుకుని సువార్తలు తెలుగు చేయడానికి పూనుకున్నారు. 1810 దాటకుండానే ఇద్దరూ పోయారు. ఆ సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయింది 1812లో. తమ కష్టం అచ్చులో చూసుకునే భాగ్యం ఆ ఇద్దరికీ దక్కలేదు.

అన్నిటికంటే నా మనసులో నిలిచింది డాక్టర్ కుగ్లరమ్మగారి సంగతి. డాక్టరు పట్టా చేతిలో ఉండి 1883లో గుంటూరు వచ్చారు. పంపిన బోర్డు వైద్యానికి ఇంకా సిద్ధంగా లేమంది. ఆడపిల్లల బడులు చూసుకో, ఘోషా ఇళ్లకు వెళ్లి స్త్రీలకు పాఠాలు చెప్పు అంది. ఆవిడ అలిగి ఓడెక్కలేదు. చెప్పిన పని చేస్తూనే, వచ్చిన రోగిని వచ్చినట్టు చూశారు. 1885లో ఆవిణ్ని వైద్య మిషనరీగా నియమించారు. ఆసుపత్రి తెరిచింది 1898లో. అంటే పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లూ ఆవిడ ఈ ఊరి ఇళ్లు, ఈ ఊరి ఆడవాళ్ల భయాలు తెలుసుకున్నారు. అందుకే ఆ ఆసుపత్రి గుమ్మం ఎక్కడానికి వాళ్లు జంకలేదని నా నమ్మకం. 1930లో ఆవిడ కన్నుమూసేదాకా గుంటూరే ఆవిడ ఊరు.

ఇప్పుడు మెడికల్ క్యాంపు అని రెండు రోజులు షామియానా వేస్తారు. బీపీ చూసి మాత్రలిస్తారు, ఫొటో తీసుకుంటారు. నెల తిరిగి ఆ మాత్రలైపోయిన ముసలాయన ఎవర్ని అడగాలి? ఈ ప్రశ్న క్యాంపు పెట్టిన ఒకాయన్ని నేనే అడిగాను. వచ్చే ఏడు మళ్లీ వస్తామన్నారు. బీపీ ఏడాదికోసారి వస్తుందా?

పాత కాలంలో లోపాల్లేవని కాదు. బంగళాకీ పల్లెకీ మధ్య ప్రహరీ గోడ ఎత్తుగానే ఉండేది, దొరతనం చూపించినవాళ్లనూ నేనెరుగుదును. కలరాలు, జ్వరాలు, బిడ్డల్ని పరాయి గడ్డ మీద పాతిపెట్టుకోవడం ఎవరికీ మళ్లీ రాకూడదు. విమానాన్ని నేను కాదనను. విమానం మిగిల్చిన నెలలు ఏం చేస్తున్నారన్నదే నా బాధ. అవి భాషకు పోవలసింది, తిరుగు టికెట్టుకు పోతున్నాయి.

మనవాళ్ల సంగతీ చెప్పాలి. మన తెలుగు బాప్టిస్టులు 1903లోనే జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నెటాల్‌కు పంపారు. 1860 నుంచి అక్కడి తోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లున్నారు. ఆయనకు భాష కొత్త కాదు. అయినా ఒక సభ పెట్టి, నాలుగు మాటలు చెప్పి తిరిగి రాలేదు. భార్యాబిడ్డలతో వెళ్లి కియర్స్నీ తేయాకు తోటలో కూలీల మధ్య నిలబడ్డారు. ఆ ఏడాది డిసెంబరులో అక్కడ తెలుగు సంఘం ఏర్పడింది. 1915లో కన్నుమూసేదాకా ఆయన పని ఆ జనం మధ్యే. ఇవాళ మన కుర్రాళ్లు ఆఫ్రికా వెళ్లి, దిగిన సాయంత్రమే లైవ్ పెట్టి ఇన్ని వందల ఆత్మలని లెక్క చెబుతున్నారు. ఆ వందల్లో ఒక్కరి ఇంట్లోనైనా భోజనం చేశారా నాయనా అంటే జవాబుండదు.

ఇంకో మాట, ఇది కటువుగానే చెబుతాను. మన దేశానికి మిషనరీ వీసా అని వేరే ఉంది. టూరిస్టు వీసా మీద వచ్చి మతబోధ చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఆ సంగతి తెలిసీ విహారయాత్ర అని రాసిచ్చి వచ్చి, సత్యం గురించి ప్రసంగించడం ఏం సత్యం? పోలీసులు వచ్చేసరికి ఆయన విమానంలో ఉంటాడు. స్టేషను చుట్టూ తిరిగేది పిలిచిన పల్లెటూరి పాస్టరు.

పిలిచే పాస్టరయ్యగార్లకూ, పంపే సంఘ పెద్దలకూ నా మనవి ఒక్కటే. వచ్చేవాణ్ని సరైన వీసా మీద రమ్మనండి. మొదటి మూడు నెలలు మైకు ఇవ్వకండి. ఒక మామూలు ఇంట్లో ఉంచి, భాష చెప్పే మనిషిని పెట్టి, సంతకు పంపండి, చాప మీద కూర్చోనివ్వండి. మన పిల్లల్ని బయటి దేశాలకు పంపేటప్పుడూ ఇదే పద్ధతి పెట్టండి. పది రోజుల కోసం వచ్చేవాళ్లను అతిథులుగా ఆదరించండి, కడుపు నిండా భోజనం పెట్టండి, పుల్పిట్ మాత్రం ఎక్కించకండి.