ఫార్మాట్ కొట్టించాం, పాపం పోయింది

పాత ల్యాప్‌టాప్ అమ్మే ముందు మనవాడు రెండు పనులు తప్పకుండా చేస్తాడు. స్క్రీన్‌ని పాత బనియన్‌తో తుడుస్తాడు, బ్రౌజర్‌లో హిస్టరీ చెరిపేస్తాడు. మొదటిది రేటు కోసం, రెండోది పరువు కోసం. ఆధార్, పాన్, ఇంటి దస్తావేజుల స్కాన్లు, జీతం స్లిప్పులు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. వాటిలో సిగ్గుపడాల్సిందేముందట? మన భయమంతా చూసి నవ్వేవాళ్ల గురించే, దోచుకునేవాళ్ల గురించి కాదు.

ఎవరి డౌన్‌లోడ్స్ ఫోల్డరైనా తెరిచి చూడండి. ఈ-ఆధార్ నాలుగైదు సార్లు దిగి ఉంటుంది, పేరు చివర ఒకటి, రెండు, మూడు అంకెలతో. పాస్‌వర్డ్ ఉందిగా అని ధీమా. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం: ఇదే ఆ పాస్‌వర్డని జిరాక్స్ షాపు కుర్రాడికి కూడా తెలుసు. అయినా మన పేరు, పుట్టిన సంవత్సరం దొంగకెలా తెలుస్తాయంటారా? పక్కనే పెళ్లి బయోడేటా ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, పుట్టిన సమయం, నక్షత్రం, పాదం, గోత్రం, ప్యాకేజీ, మేనమామగారి ఉద్యోగం, ఊళ్లో ఎన్నెకరాలు, అందులో మాగాణి ఎంత. కావాలంటే దొంగ మనకి చెడ్డ రోజు చూసుకుని మరీ దోచుకోవచ్చు.

కాస్త జాగ్రత్తపరులు అన్నీ డిలీట్ కొట్టి, రీసైకిల్ బిన్ ఖాళీ చేసి, చేతులు దులుపుకుంటారు. హార్డ్ డిస్కులో డిలీట్ కొడితే ఫైలు పోదు. ఫలానా చోట ఫలానా ఫైలుందన్న నమోదు పోతుంది, అంతే. ఓటర్ల జాబితాలో పేరు కొట్టేస్తే మనిషి చచ్చిపోడుగా, అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూనే ఉంటాడు. ఆ చోట్లో ఇంకో ఫైలు వచ్చి కూర్చునేదాకా, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఎవరు పిలిచినా పలుకుతాడు. క్విక్ ఫార్మాట్ సంగతీ ఇంతే.

ఇది మన ఒక్కళ్ల ఘనత కాదు లెండి. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులిద్దరు, గార్ఫింకెల్, షెలాట్, 158 పాత డిస్కులు కొని తవ్వి 2003లో లెక్క చెప్పారు. పనిచేసినవి 129, సరిగ్గా తుడిచినవి పన్నెండు. ఒకటైతే సాక్షాత్తు ఏటీఎంలోంచి ఊడొచ్చిన డిస్కు. తర్వాత మోర్గాన్ స్టాన్లీ అనే మహా బ్యాంకు, ఖాతాదారుల వివరాలున్న యంత్రాలను వదిలించే పని సామాన్లు మోసే కంపెనీకి అప్పజెప్పింది. డిస్కులు ఆన్‌లైన్ వేలానికెక్కాయి. ఆ ఘనకార్యానికి 2022లో 3.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. మన ఆఫీసుల్లో కండెమ్ చేసిన కంప్యూటర్లు వేలం వేసేటప్పుడు కీబోర్డులు, మౌసులు లెక్కపెట్టి సంతకాలు చేస్తారే, ఆ శ్రద్ధలో పావు వంతు లోపలున్న డిస్కు మీద పెడితే చాలు.

మనకీ 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. కంగారు పడకండి, వివరాలను సొంత పనులకీ ఇంటి అవసరాలకీ వాడుకునే వ్యక్తులకు అది వర్తించదు. అంటే మీ తోడల్లుడి పాన్ కార్డు మీ ల్యాప్‌టాప్‌తో పాటు బజారుకెక్కినా ఆ చట్టం మిమ్మల్ని ఏమీ అనదు. తోడల్లుడు అంటాడేమో, అది వేరే సెక్షన్.

ఇంకో తెగ ఉంది. గట్‌మన్ అనే ఆయన 1996లో రాశాడని డిస్కు మీద ముప్పై అయిదు సార్లు రాసి చెరపాలంటారు. దయ్యాన్ని వదిలించే మంత్రంలా దాన్ని జపిస్తున్నారేమిటని తర్వాత ఆయనే ఎత్తిపొడిచాడు. ఈ కాలపు హార్డ్ డిస్కుకి మొత్తం ఒక్కసారి సున్నాలు రాస్తే చాలు. విండోస్‌లో రీసెట్‌కి వెళ్లి, ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ నొక్కి, సెట్టింగ్స్ మార్చే చోట ‘క్లీన్ డేటా’ ఆన్ చేయాలి. ఎస్ఎస్‌డీ అయితే మొదటి నుంచీ ఎన్‌క్రిప్షన్‌తో వాడి, చివర్లో కంపెనీవాళ్ల సెక్యూర్ ఎరేజ్ నడిపించాలి. హార్డ్ డిస్కుకైతే గంటలు పట్టొచ్చు. అక్కడే వస్తుంది చిక్కు. కొనేవాడు బయట బండి స్టార్ట్ చేసి ఉంటాడు.

అంత ఓపిక లేనివాడికి డిస్కు విప్పి ఇంట్లో దాచుకునే దారి ఉంది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీలో ఈ బేరం ఎప్పుడైనా వినొచ్చు.

“హార్డ్ డిస్క్ నేను ఉంచుకుంటానన్నా.”

“ఉంచుకోండి సార్, మీ ఇష్టం. గానీ ఐదొందలు కట్ అయితది.”

మనవాడు ఆధార్‌ని తలుచుకుంటాడు, పాన్‌ని తలుచుకుంటాడు, ఊళ్లో మాగాణిని తలుచుకుంటాడు. ఐదొందలు గుర్తొస్తాయి.

“సర్లే, దాంట్లోనే ఉంచు. ఫార్మాట్ ఫ్రీగానే కొడతావుగా?”