రాంగ్ రూట్ నిర్మాతలకు ఒక బహిరంగ లేఖ

నగరం నడుమ నుంచి సాగిపోయే జాతీయ రహదారికి ప్రారంభోత్సవాలనాడు ఉమ్మడి యజమానులుగానూ, ఫిర్యాదులనాడు ఎవరికివారు సంబంధం లేనివారుగానూ ఉండే రహదారుల, పురపాలక, ట్రాఫిక్ విభాగాల గౌరవనీయ అధికారులకు,

రెండు వారాల కిందట ఆ రహదారిపై ఒక కూడలి వద్ద డివైడర్‌కు ఉన్న ఖాళీని సిమెంటు దిమ్మెలతో మూసివేసి, వాహనాలు వెనుదిరిగే యూటర్న్‌ను అక్కడి నుంచి కిలోమీటరున్నర అవతలికి జరిపినందుకు ద్విచక్ర వాహనదారుల పక్షాన కృతజ్ఞతలు తెలియజేయడం ఈ లేఖ ప్రథమోద్దేశం. ఆ ఏర్పాటు వల్ల సిగ్నలు వద్ద నిరీక్షణ తొలగిపోయిందనీ, వాహనాల వేగం పెరిగిందనీ తమ ప్రకటన సగర్వంగా తెలిపింది, రెండూ నిజమే. పెరిగిన ఆ వేగానికి ఎదురుగా, అదే రోడ్డు మీద, అదే అంచున, తెల్లవారింది మొదలు అర్ధరాత్రి వరకు మరొక వాహన ప్రవాహం వస్తున్నదన్న చిన్న విషయానికి మాత్రం ఆ ప్రకటనలో చోటు దొరకలేదు.

జనం రాంగ్ రూట్ అని పిలిచే ఈ ఎదురు ప్రయాణాన్ని చట్టం చిన్న తప్పుగా చూడలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, రోడ్డుపై అనుమతించిన దిశకు వ్యతిరేకంగా బండి నడపడాన్ని 184వ సెక్షనులోని ప్రమాదకర డ్రైవింగు కింద స్పష్టంగా చేర్చి, తొలి నేరానికే ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు గానీ, వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చునని చెప్పింది. అంత బరువైన సెక్షను ఆ కూడలి దగ్గరికి ఇంకా చేరుకోలేదు. అక్కడికి చేరుకున్నది 129వ సెక్షను, అంటే హెల్మెట్ నియమం ఒక్కటే. దాని అమలుకై చెట్టు నీడలో కెమెరాతో నిలబడిన సిబ్బంది, సరైన దారిలో వెళ్తున్న బండి వెనుక కూర్చున్న ముసలమ్మ తలపై హెల్మెట్ లేదన్న సంగతిని వెనుక నుంచి శ్రద్ధగా ఫొటో తీస్తున్న సమయంలోనే, వారి వీపుకు మూరెడు దూరంలో ముగ్గురేసి ఎక్కిన బండ్లూ, గ్యాస్ సిలిండర్ల ఆటోలూ, ఒక్కొక్కసారి నీళ్ల ట్యాంకరూ ఎదురు దారిలో నింపాదిగా సాగిపోతున్నాయి. వెనుక నంబరు ప్లేటును ఫొటో తీయగలిగిన యంత్రానికి ముందు నంబరు ప్లేటు కనబడకపోవడం ఏమి సాంకేతిక విజ్ఞానమో తెలియజేయవలసిందిగా ప్రార్థన. ఎదురుగా వచ్చేవాడు తన నంబరును తానే చూపిస్తూ వస్తున్నాడు కదా!

హెల్మెట్ పట్ల ఈ లేఖకు ఎటువంటి అగౌరవమూ లేదు. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే అనీ, హెల్మెట్ లేకుండా మరణించినవారు 50,029 మంది అనీ కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నివేదికే చెబుతున్నది. ఆ అంకెలు తెలిసినవారెవరూ తలకు రక్షణ వద్దనరు. అదే నివేదికలో, తప్పు దిశలో నడిపిన వాహనాల కారణంగా కలిగిన మరణాలు సుమారు 9 వేలుగా నమోదయ్యాయి. అతివేగపు లెక్క ముందు ఇది చిన్నదిగా కనిపించడం వల్లనే కాబోలు, దీనికి ఒక కెమెరా కేటాయించడం కూడా వృథా వ్యయంగా తోచి ఉండవచ్చు. ఇక, రాసిన చలానాల గతి తెలిసిందే: తెలంగాణలో ద్విచక్ర వాహనాల పెండింగ్ చలానాలపై 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబరు చివర 80 శాతం రాయితీ ప్రకటించి, జరిమానాను ఆషాఢం సేల్‌లో చీర స్థాయికి తెచ్చిన తరువాత, తప్పు చేసినవాడు భయపడవలసింది చలానాకు కాదు, రాయితీ గడువు దాటిపోతుందేమోనన్న సంగతికి.

సరైన దారిలో వెళ్లే ద్విచక్ర వాహనదారు తన వంతుగా చేయవలసింది ఏమిటని తమరు ఏటా జనవరిలో జరిపే భద్రతా ప్రచారంలో అడుగుతుంటారు గనుక, అతడు ఇప్పటికే చేసినది ఇక్కడ నమోదు చేయడం సముచితం. 2021 జూన్ నుంచి ఐఎస్‌ఐ ముద్ర లేని హెల్మెట్ అమ్మకమే నిషిద్ధం కనుక అతడు ముద్ర ఉన్నదే కొన్నాడు, గడ్డం కింద పట్టీ బిగించాడు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బండ్లలో, ఇంజను నడుస్తున్నంతసేపూ ముందు లైటు దానంతట అదే వెలిగి ఉండే ఏర్పాటు తప్పనిసరి అయినందున, ఎదుటివారికి కనబడాలన్న ఉద్దేశంతో పట్టపగలు కూడా లైటు వేసుకునే తిరుగుతున్నాడు. దారిన పోయేవారందరూ లైటు వెలుగుతోందంటూ వేళ్లు ముడిచి తెరిచి సైగ చేస్తుంటే ఏళ్ల తరబడి తల ఊపుతూనే ఉన్నాడు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోయి బండి జారకుండా కాపాడే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకే తప్పనిసరి అయింది. అతడి 100 సీసీ బండికి ముందు వెనుక బ్రేకులు కలిసి పడే ఏర్పాటు మాత్రమే దక్కింది, దానితోనే సర్దుకున్నాడు. బస్సు ఎడమ ముందు మూలన ఉంటే డ్రైవరుకు కనిపించడని తెలిసి ఆ మూలకు పోవడం మానుకున్నాడు, ఆగి ఉన్న కారు తలుపు ఏ క్షణాన తెరుచుకుంటుందోనని చేయి చాచినంత దూరం వదిలి నడపడం అలవరచుకున్నాడు, రెండు వేళ్లు ఎప్పుడూ బ్రేకు మీదనే ఉంచుకున్నాడు. నెమ్మదిగా వెళ్లేవారు ఎడమ అంచున వెళ్లాలన్నారు, వెళ్తున్నాడు.

చిక్కంతా ఆ ఎడమ అంచు దగ్గరే ఉన్నది. రాంగ్ రూట్‌లో వచ్చే వాహనం రోడ్డు నడుమ రాదు. లారీలకూ బస్సులకూ భయపడి అది ఫుట్‌పాత్‌ను ఒరుసుకుంటూ వస్తుంది, అంటే సరిగ్గా ద్విచక్ర వాహనదారుకు మిగిలిన మూడడుగుల జాగాలోనే వస్తుంది. కారు నడిపేవారికి ఈ ఎదురు ప్రవాహం పక్కనుంచి పోయే చిరాకు మాత్రమే కాగా, బండి నడిపేవారికి అది నేరుగా ముఖాన వచ్చేది. ఎదురైనప్పుడు ఇద్దరిలో ఒకరు రోడ్డు నడుమకు, అంటే దూసుకొస్తున్న బస్సుల దారిలోకి తప్పుకోవాలి. ఆ తప్పుకునేది ప్రతిసారీ సరైన దారిలో వెళ్తున్నవాడే కావడం ఆ కూడలి వద్ద స్థిరపడిన ఆచారం. తప్పుకోకుండా హారన్ మోగించినవాడికి దొరికేది, అంత తొందరేమిటన్న మందలింపు.

పక్క గల్లీలోంచి ప్రధాన రోడ్డులోకి ఎడమకు తిరిగే వ్యక్తి పరిస్థితి ఇంకా విచిత్రమైనది. డివైడర్ ఉన్న రోడ్డులో వాహనాలు కుడి వైపు నుంచి మాత్రమే రావాలి కనుక, అతడి కళ్లూ మెదడూ కుడి వైపునే వెతుకుతాయి. డ్రైవింగు పాఠశాలలు నేర్పేదీ అదే. ఎడమ వైపు నుంచి వచ్చే బండి ఎదురుగానే ఉన్నా, అక్కడ ఏదీ ఉండదన్న నమ్మకం వల్ల చూపు దానిపై నిలవదు. పైగా, ఎదురుగా వచ్చే వస్తువు వేగాన్ని మనిషి దాని ఆకారం కంటిలో ఎంత త్వరగా పెద్దదవుతున్నదన్న దాన్నిబట్టి అంచనా కడతాడు. కారుకు రెండు లైట్ల మధ్య వెడల్పు ఉంటుంది కాబట్టి ఆ పెరుగుదల తెలుస్తుంది, ఒంటి లైటు బండికి చీకట్లో ఆ ఆధారం ఉండదు, చాలా దగ్గరికి వచ్చేవరకు అది చుక్కగానే కనిపిస్తుంది. అందుచేత చూసి కూడా మోసపోవడం సంభవమే. ఇక రాంగ్ రూట్‌లో వచ్చేవారిలో కొందరు, పోలీసుల కంటబడకూడదని పాత బండ్ల లైటు ఆర్పుకుని మరీ వస్తారు.

కొద్దిపాటి లెక్క కూడా ఇక్కడ అవసరం. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు వేయడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే అప్పటికే బండి దాదాపు 17 మీటర్లు సాగిపోతుంది, పొడి రోడ్డుపై ఆగేందుకు మరో 10 మీటర్లకు పైగా కావాలి. ఇద్దరూ ఎదురెదురుగా అదే వేగంతో వస్తుంటే ఇద్దరి మధ్య కనీసం 55 మీటర్ల ఖాళీ ఉండాలి, ఇద్దరూ ఒకే క్షణంలో ఒకరినొకరు చూసి ఉండాలి, రోడ్డు మీద ఇసుక ఉండకూడదు. బస్టాపులో ఆగిన బస్సు వెనుక నుంచి ఎదురు బండి బయటపడినప్పుడు ఆ ఖాళీ పది మీటర్లు కూడా ఉండదు. తల కోసం తయారైన హెల్మెట్ ఛాతీని కాపాడదు.

రాంగ్ రూట్‌లో వచ్చేవారిని వెనకేసుకురావడం ఈ లేఖ ఉద్దేశం కాదు. వారిలో అత్యధికులు ద్విచక్ర వాహనదారులేనన్న సంగతిని దాచడమూ కాదు. కానీ ఎదురుగా కనబడుతున్న మందుల షాపుకు, బడికి, ఇంటికి చేరడానికి రెండు వందల మీటర్లు ఎదురు వెళ్తే సరిపోయే చోట, నియమం పాటిస్తే వెళ్లి తిరిగి రావడానికి మూడు కిలోమీటర్లయ్యేలా రోడ్డును తీర్చిదిద్దినవారు, రోజుకు పదిసార్లు ఆ దారిన పోయే పాలబండి మనిషి నుంచీ, నిమిషాల లెక్కన పార్సిలు చేర్చవలసిన డెలివరీ కుర్రాడి నుంచీ ఏమి ఆశించారు? తప్పు వారిదే, ఆ తప్పుకు బాట వేసినది మాత్రం తమ సిమెంటు దిమ్మెలు. ఇటువంటి సందర్భం చట్టానికి తెలియనిదేమీ కాదు: 2019 సవరణలోనే వచ్చిన 198ఏ సెక్షను, రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో నిర్దేశిత భద్రతా ప్రమాణాలు పాటించని అధికార సంస్థ గానీ, గుత్తేదారు గానీ, సలహాదారు గానీ మరణానికో అంగవైకల్యానికో కారణమైతే లక్ష రూపాయల వరకు జరిమానా అని చెబుతున్నది. ఆ చలానా రాయడానికి ఏ చెట్టు నీడన నిలబడి ఎవరిని ఫొటో తీయాలో సెలవిస్తే, నగరంలో కెమెరా ఉన్న ఫోన్లకు కొదువ లేదు.

యూటర్న్ వద్ద మార్పు కోరుతూ వచ్చిన వినతులకు ఆ చోటు ఇంకా బ్లాక్‌స్పాట్ కాలేదన్న జవాబు వస్తున్నది. బ్లాక్‌స్పాట్ అంటే, జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల నిడివిలో మూడు సంవత్సరాల కాలంలో మరణానికి లేదా తీవ్ర గాయాలకు దారితీసిన ప్రమాదాలు ఐదు జరిగిన చోటు, లేదా అదే కాలంలో పది మంది మరణించిన చోటు. అలా పేరుపడిన తరువాత సర్వే వస్తుంది, అంచనాలు వస్తాయి, టెండర్లు వస్తాయి. పరిమితమైన నిధులను ఎక్కడ ముందు ఖర్చు చేయాలో తేల్చడానికి ఇటువంటి కొలత అవసరమేనని ఒప్పుకోవచ్చు. కానీ దిమ్మెలు పెట్టడానికి ఏ శవాల లెక్కా అడగనివారు, వాటిని తీయడానికి మాత్రం పది అడగడం ఎక్కడి న్యాయం? ఆ చోటు ఆ అర్హత సంపాదించుకునే దాకా ఎదురుచూడవద్దు. దయచేసి వద్దు.

సందర్భం దొరికింది గనుక మరికొన్ని. నగరం దాటగానే యాసంగి కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పేర్చిన రాళ్లు, రాత్రికి దానిపై కప్పిన నల్ల టార్పాలిన్ బండి మీద వచ్చేవారికి తగిలేదాకా కనిపించవు. రైతుకు కల్లం కట్టించకుండా రైతును తిట్టి లాభం లేదు. రహదారి ప్రమాణాల ప్రకారం గుండ్రని స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. కాలనీల్లో అది మోకాటి ఎత్తు గట్టుగా మారి, తెల్ల చారల జాడైనా లేకుండా నడుములు విరుస్తున్నది. వెనుక ఎర్ర రేకైనా అంటించని ట్రాక్టరు ట్రక్కులు, ఎదుటివారి కళ్లు మూతపడేలా ఫుల్ లైట్లు వేసుకుని డిప్పర్ అన్నది మరచిన కార్లు, మలుపులో అడ్డంగా పెట్టి రాత్రి పది గంటలకు సిబ్బంది ఇళ్లకు వెళ్లినా చీకట్లో అలాగే ఉండిపోయే తమ సొంత బారికేడ్లు: వీటికి వేరే లేఖలు కావాలి, ఇప్పుడు వాటి జోలికి పోనక్కర్లేదు. ఈ పూటకు ఆ ఒక్క కూడలి చాలు.

ఆ కూడలికి కూడా ఫ్లైఓవరు అడగడం లేదు, అండర్‌పాసు అడగడం లేదు. పాత ఖాళీని తిరిగి తెరిచి సిగ్నలు పెట్టడమో, యూటర్న్‌ను మూడు వందల మీటర్ల దగ్గరికి తేవడమో తమ ఇంజనీర్లు ఒక పూట నిలబడి చూస్తే తేలిపోయే పని. అది తేలేలోగా, హెల్మెట్ ఫొటోలకు నియమించిన ఇద్దరిలో ఒకరిని చెట్టు కింద నుంచి లేపి, రోడ్డు దాటించి, ఎదురు బండ్లు లోపలికి దూరే ఆ మూల వద్ద, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు నిలబెట్టండి. కెమెరా ఇవ్వకపోయినా ఫరవాలేదు. ఒక విజిలూ, చేతిలో ఎర్ర లైటు కర్రా చాలు. హోంగార్డయినా సరే.

ఇట్లు,
ఎడమ అంచున వెళ్తున్న ద్విచక్ర వాహనదారుల పక్షాన