జింకు గారి సముద్రయానం

అండమాన్‌లో ఉక్కు కార్ఖానా లేదు కాబట్టి ఉక్కు వ్యర్థాల గొడవా లేదని మన ధీమా. అయితే శ్రీ విజయపురంలో ఇళ్లను కప్పిన, జింకు పూత పూసిన జీఐ రేకు ఓడెక్కే వచ్చింది. ఉప్పుగాలికి చిల్లులు పడి తుక్కయ్యాక కరగాలన్నా మళ్లీ ఓడెక్కక తప్పదు, దీవుల్లో తుక్కును కరిగించే కొలిమి లేదు. ఆ కొలిమిలో, అంటే ఆర్క్ ఫర్నేస్‌లో పడ్డాకే అసలు తమాషా. ఉక్కు కరగడానికి సుమారు 1500 డిగ్రీలు కావాలి, జింకు 907కే ఆవిరవుతుంది. అలా లేచిన పూత ధూళిలో కలిసి ఫిల్టరు సంచుల్లో చిక్కుతుంది. టన్ను ఉక్కుకు 10-20 కిలోల ధూళి వస్తే, అందులో ఐదో వంతు దాకా, తుక్కును బట్టి ఇంకా ఎక్కువే జింకు ఉండొచ్చు. కొండను తవ్వితే ఇంత జింకు దొరికిందనుకోండి, శంకుస్థాపనకు మంత్రులు పోటీపడతారు. సంచిలో దొరికింది కదా, పైగా సీసం, కాడ్మియం కూడా వెంట వచ్చాయి కదా, అందుకని ప్రమాదకర వ్యర్థమని ముద్రేసి గోతిలో పూడ్చడమే తేలికైపోయింది. జింకును తవ్వడానికీ అనుమతి పత్రమే, పాతిపెట్టడానికీ అనుమతి పత్రమే!

ధూళిలోంచి జింకును తిరిగి తీయడం ఖర్చని లెక్కలవాళ్లు అంటారు. నిజమే. వేల్జ్ పద్ధతిలో ధూళిని కోక్‌తో కలిపి తిరిగే బట్టీలో వెయ్యి డిగ్రీలు దాటించాలి, జింకును మళ్లీ ఆవిరి చేసి ఆక్సైడుగా పట్టాలి, ఆ పొగనూ శుభ్రం చేయాలి. నూరేళ్లు దాటిన విద్యే అయినా ఉచితం కాదు. మరి గోతికి అడుగున పరిచే పొరలు, కింది నీటికి తరతరాల కాపలా ఎవరి ఖాతాలో రాశారు? మాది బ్లాస్ట్ ఫర్నేస్, మాకీ బెడద లేదని విశాఖ ఉక్కు తరఫున ఎవరైనా అనొచ్చు. అక్కడ జింకు ఇంకా మొండిది, కొలిమిలోనే తిరుగుతూ గోడలకు పేరుకుంటుంది. అందుకే పొగను కడగ్గా వచ్చే, జింకు పట్టిన బురదనంతా మళ్లీ కొలిమికి తినిపించలేరు. అదే ఊళ్లో 1977లో మొదలైన హిందుస్థాన్ జింక్ స్మెల్టర్ 2012లో మూతపడింది. ఉక్కూ జింకూ ఇరవయ్యేళ్లు ఇరుగుపొరుగులన్నమాట.

ఇది చదివి అండమాన్‌లోనే వేల్జ్ బట్టీ పెడదామని ఎవరైనా ఉత్సాహపడితే దయచేసి ఆపండి. కరెంటుకు ఎక్కువగా డీజిల్‌నే నమ్ముకున్న దీవులకు బట్టీ అనే మరో భారమెందుకు, అంత ధూళి ఎక్కణ్ణుంచి వస్తుంది? దీవులు చేయాల్సింది చిన్నపని: జింకు రేకును మామూలు ఇనుముతో కలపకుండా విడిగా ఓడెక్కించడం. కలిపితే ధూళిలో జింకు పలచబడుతుంది, తీయడం గిట్టుబాటు కాదన్న సాకు బలపడుతుంది. ఇక కాలుష్య నియంత్రణ మండళ్లకు మనవి: గోతికి అనుమతి అడిగే ప్రతి కార్ఖానా చేతా ముందు తన ధూళిలో జింకెంతో రాయించండి.